చింతగింజలు - స్థానవిలువలు

ప్రాథమిక పాఠశాలలో గణితాన్ని వస్తువుల ద్వారా, ఆటల ద్వారా, చేతిపనుల ద్వారా నేర్పవలెనన్న సిద్ధాంతాన్ని ఇప్పుడు కాదనేవారు లేరు. ఎక్కాలు వల్లె వేయించి, లెక్క తప్పితే తొడపాశం పెట్టే పద్ధతి పోవలసినదే. అయితే ఒక సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకున్న తరువాతనే దానిని పరీక్షించవలసిన అవసరం ఎక్కువవుతుంది. పిల్లవాని చేతికి వస్తువు ఇచ్చినంత మాత్రాన అతని మనస్సులో గణితం పుడుతుందా? పుట్టకపోతే లోపం ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నలు చిన్న తరగతుల ఉపాధ్యాయులకే సంబంధించినవి కావు. 1/క, 1/ఖ లను కలిపి 2/(క+ఖ) అని వ్రాసే తొమ్మిదవ తరగతి విద్యార్థి ఆ తప్పును తొమ్మిదవ తరగతిలో నేర్చుకొని ఉండడు. భిన్నాలు మొదటిసారి కలిపిన నాటి నుంచి దానిని వెంట తెచ్చుకొని ఉంటాడు.

ఈ విధానం మన దేశానికి కొత్తది కాదు. 1937లో వార్ధాలో రూపొందిన బేసిక్ విద్యా ప్రణాళిక చేతిపనిని చదువుకు కేంద్రంగా ఉంచినది. 1939లో మదరాసు వచ్చిన మరియా మాంటిసోరీ పూసల కట్టలతో ఒకట్లు, పదులు, వందలు నేర్పే పద్ధతిని ఇక్కడి ఉపాధ్యాయులకు చూపినది. ఇంకా వెనుకకు పోతే, క్రీ.శ. 11-12 శతాబ్దుల నాటి పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించినప్పుడు అందులోని జైన సంబంధమైన ఉదాహరణలను తన పాఠకులకు పరిచితమైన వాటిగా మార్చినాడు. లెక్కలోని సరుకు చదివేవానికి తెలిసినదై ఉండవలెనన్న గ్రహింపు తెలుగు గణితంలో తొలినుంచీ ఉన్నదన్నమాట.

ఆంధ్రప్రదేశంలో ఈ విధానాన్ని వేల పాఠశాలలకు చేర్చినది బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. 1980ల మధ్యలో కొద్ది పాఠశాలలలో ప్రయోగంగా మొదలైన ఈ పథకం తరువాత రాష్ట్రమంతటా వ్యాపించి 1996 వరకు నడిచినది. పథకం ఆరు సూత్రాలను ఉపాధ్యాయుల ముందుంచినది. అభ్యసన కృత్యాలను ఉపాధ్యాయుడే రూపొందించవలెను. పిల్లలు చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకోవలెను. ఒంటరి పని, జట్టు పని, తరగతి మొత్తం పని మూడూ ఉండవలెను. పిల్లల మధ్య భేదాలను గుర్తించవలెను. స్థానిక పరిసరాలను వాడుకోవలెను. పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా తీర్చవలెను. పథకం ముగిసినా ఈ మాటలు ముగియలేదు. తరువాత వచ్చిన శిక్షణలలో, పాఠ్యపుస్తకాలలో, బోధనాభ్యసన సామగ్రి మేళాలలో అవే మాటలు వేరు వేరు పేర్లతో వినవస్తూనే ఉన్నవి.

ఈ ఆరింటిలో ఒక్కటి కూడా తప్పు కాదు. అయితే ఆరూ కలిసి ఉపాధ్యాయుడు ఏమి ఏర్పాటు చేయవలెనో, పిల్లలు ఎట్లా కూర్చొని ఏమి చేయవలెనో చెప్పుచున్నవి. ఇవి తెలుగు పాఠానికీ, పరిసరాల విజ్ఞానానికీ, గణితానికీ ఒకే విధంగా వర్తిస్తవి. గణితానికే ప్రత్యేకమైన ఒక మెట్టు, అనగా వస్తువు నుంచి భావం విడివడే మెట్టు, వీటిలో కనబడదు. ఈ విమర్శ ఎంతవరకు న్యాయమో చూడవలెనంటే అయిదవ సూత్రాన్నే పట్టుకొని ఒక ఊరికి పోవడం మంచిది.

గుంటూరు - నంద్యాల రైలు మార్గంలో, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, కొండను ఆనుకొని ఉన్న పట్టణం వినుకొండ. మహాకవి జాషువా పుట్టిన ఊరు. చుట్టూ మిరప, పత్తి పండించే పల్లెలు. ఇళ్లలో, వరండాలలో పలనాటి సున్నపురాతి బండల నేల. ఇక్కడి పాఠశాలకు గణిత సామగ్రి ఎక్కడినుంచో పెట్టెలో రానవసరం లేదు. చింతగింజలు, కొలపాత్రలు, నాపరాతి బండలు, కూరల అంగడి చాలును. ఈ నాలుగు సాధనాలూ ఏమి నేర్పగలవో, ఎక్కడ ఆగిపోతవో వరుసగా పరీక్షించవచ్చు.

మొదటిది చింతగింజలు. పది గింజలను గుడ్డలో మూట కడితే ఒక పది. మూడు మూటలు, నాలుగు విడి గింజలు కలిసి 34. ఇందులో నుంచి 17 తీయమంటే నాలుగు గింజల నుంచి ఏడు తీయడం కుదరదు కనుక పిల్లవాడు ఒక మూట విప్పుతాడు. ‘అప్పు తెచ్చుకోవడం’ అనే మంత్రం అతనికి ఇక మంత్రం కాదు. ఈ పనికి మన భాష కూడా తోడ్పడుతుంది. పదమూడు అన్నప్పుడు పది ముందు, మూడు తరువాత; ఇరవై ఒకటి అన్నప్పుడు ఇరవై ముందు, ఒకటి తరువాత. నోటిలో వచ్చే వరుసయే పలకపైనా వచ్చును. ఇంగ్లీషు ‘థర్టీన్’లో మూడు ముందు పలుకుతుంది, హిందీ ‘ఇక్కీస్’లో ఒకటి ముందు వస్తుంది. 2020-21 నుంచి మన పిల్లల చేతికి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఎదురెదురు పుటలలో ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చినవి. ఆ రెండు పుటలను పక్కపక్కన చదివించే ఉపాధ్యాయుడు ఈ భేదాన్ని గమనించి వాడుకొంటే ఎంతో మేలు.

ఇంతవరకు మూటలు చేసినది గొప్ప పనియే. కాని అవి స్థానవిలువను నేర్పినవా? మూడు మూటలను గింజలకు ఎడమ వైపు పెట్టినా, కుడి వైపు పెట్టినా మొత్తం 34 గానే ఉంటుంది. పలకపై మాత్రం అంకెలు తారుమారైతే 34 కాస్తా 43 అవుతుంది. మూట తాను పది అని తానే చెప్పుకొంటుంది. అంకె 3 అట్లా చెప్పుకోదు. అది ఉన్న చోటు చెప్పుతుంది. కనుక మూటల కృత్యం పదుల గుంపులను నేర్పుతుందే కాని స్థానాన్ని నేర్పదు. ఆ రెండింటికీ మధ్య ఇంకా రెండు మెట్లు కావలెను. మొదట, పది చింతగింజల మూటకు బదులు ఒక్క గవ్వను పెట్టి ‘ఇది పది’ అని పిల్లలతో ఒప్పందం చేసుకోవలెను. ఇక్కడ పది కంటికి కనబడదు; మాటలో మాత్రమే ఉంటుంది. తరువాత నేలపై సుద్దతో గళ్లు గీసి, గవ్వను కూడా తీసివేసి, చింతగింజనే పదుల గడిలో పెట్టవలెను. అదే గింజ ఒక గడిలో ఒకటి, పక్క గడిలో పది. స్థానవిలువ ఇక్కడ మొదలవుతుంది.

సున్న విషయం చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. మూటలు పెట్టే పిల్లవానికి సున్నతో పని లేదు. లేని మూటను ఎవరూ పెట్టరు. మన నోటి లెక్కలోనూ సున్న లేదు. ‘మూడువందల నాలుగు’ అంటాము, మధ్య పదులు లేవని చెప్పము. అందుకే విన్నది విన్నట్లు వ్రాసే పిల్లవాడు 300 ప్రక్కన 4 చేర్చి 3004 అని వ్రాస్తాడు. అతని తర్కంలో లోపం లేదు. అతనికి చూపిన సాధనంలో ఖాళీ గడి లేదు. గళ్లు గీసిన నాడే పదుల గడి బోసిగా కనబడి, ఆ బోసితనానికి ఒక గుర్తు కావలసి వచ్చును. మూటల దగ్గర పాఠం ముగించే ఉపాధ్యాయుడు కృత్యం చక్కగా చేయించినట్లే. గణితం మాత్రం ఇంకా ఒక అడుగు దూరంలో ఉండిపోతుంది.

రెండవ సాధనం కొలపాత్రలు. కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. మానికను ఒకటిగా తీసుకుంటే తవ్వ 1/2, సోల 1/4. ఇసుకతో కొలిచి చూసిన పిల్లవాడు తవ్వెడు, సోలెడు కలిపితే మూడు సోలలని చెప్పుతాడు. అనగా 1/2 + 1/4 = 3/4. రెండింటినీ సోలలలోకి మార్చుకోవడమే హారాలను సమానం చేయడం. క.సా.గు. అనే మాట వినకముందే ఆ పని అతని చేతిలో జరిగిపోయినది. పాత తెలుగు లెక్కలలో అర, పావు, పరక, వీసం అనే మాటలు కూడా ఇట్లాగే సగంలో సగంగా దిగివచ్చినవి. పరక ఎనిమిదో వంతు. వీసం పదహారో వంతు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు ఉన్నవి. మొదటిది, సోల, తవ్వ ఇప్పటి పిల్లల పరిసరాలలో ఎంతవరకు ఉన్నవి? తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి మెట్రిక్ పద్ధతి స్థిరపడిన తరువాత తరాలు మారినవి. నేటి పిల్లవానికి అర లీటరు పాల పాకెట్టు, పావుకిలో పంచదార తెలిసినంతగా సోల తెలియదు. స్థానిక పరిసరం అంటే తాతల నాటి పరిసరం అని అనుకోరాదు. అట్టి వస్తువులను తెచ్చి చూపితే అది చరిత్ర పాఠం కావచ్చును. పరిచితం నుంచి అపరిచితానికి తీసుకొని పోయే గణిత పాఠం కాదు.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. మానికలో మూడో వంతుకు పాత్ర లేదు. అయిదో వంతుకూ లేదు. పరిసరంలోని కొలతలన్నీ సగాలతో నడుస్తున్నప్పుడు వాటితోనే నేర్చుకున్న పిల్లవాడు భిన్నమంటే సగాలే అనుకోవడం సహజం. అతనిని 1/2 + 1/3 ఎంత అని అడిగితే చేతికి అందే పాత్ర ఉండదు. అప్పుడు లవాలను, హారాలను విడివిడిగా కలిపి 2/5 అని వ్రాస్తాడు. ఉపాధ్యాయుడు వెంటనే ‘తప్పు’ అనక, ‘2/5 పెద్దదా, సగం పెద్దదా?’ అని అడిగితే చాలును. సగానికి మరికొంత కలిపితే సగం కంటె తక్కువ వచ్చినదని పిల్లవాడే కనిపెడతాడు. తరువాత ఒక కాగితపు పట్టీని ఆరు సమభాగాలుగా మడిచి, సగం మూడు భాగాలని, మూడో వంతు రెండు భాగాలని చూపించవచ్చును. ఆరో వంతు పాత్ర ఏ ఇంట్లోనూ లేదు. దానిని మనస్సుతో చేసుకోవలెను. పరిసరం తలుపు తెరుస్తుంది. ఇంటి లోపలి గదులన్నీ అది చూపలేదు.

మూడవది నాపరాయి. చదరపు బండలు పరచిన వరండాయే పెద్ద గళ్ల కాగితం. పన్నెండు బండలు వచ్చేటట్లు సుద్దతో దీర్ఘచతురస్రాలు గీయమంటే పిల్లలు 3×4, 2×6, 1×12 గీస్తారు. బండ అంచును ఒక ప్రమాణంగా తీసుకుంటే చుట్టుకొలతలు 14, 16, 26. వైశాల్యం ఒక్కటే అయినా చుట్టుకొలత మారుతుందని వేరే చెప్పనక్కరలేదు. పదమూడు బండలతో గీయమంటే ఒకే వరుస తప్ప మరొకటి కుదరదు. 7, 11 లతోనూ అంతే. ప్రధాన సంఖ్య అనే భావం పేరు లేకుండానే నేలపై కనబడుతుంది.

ఇదే నేలపై ఇంకొక పని. ఒక బండ చుట్టూ రెండు పక్కల మూలమట్టం ఆకారంలో 3 బండలు చేర్చితే 2×2 చదరం. దానికి 5 చేర్చితే 3×3. మరి 7 చేర్చితే 4×4. బేసి సంఖ్యలను వరుసగా కలిపితే వర్గ సంఖ్యలు వస్తవని తేలినది. చాలా శిక్షణా పుస్తకాలలో ఈ కృత్యం ఇక్కడ ముగుస్తుంది. కాని అసలు ప్రశ్న ఇప్పుడే మొదలు. నూరవ చదరానికి కూడా ఇట్లాగే జరుగునా? అన్ని బండలు ఏ వరండాలోనూ లేవు. పిల్లవాడు చేతులు కట్టుకొని ఆలోచించవలెను. ఒక్కొక్క పక్కకు 99 బండలు ఉన్న చదరాన్ని పెంచడానికి ఒక వైపు 99, రెండవ వైపు 99, మూలన 1 కావలెను, మొత్తం 199. ఇది నూరవ బేసి సంఖ్యయే. ఏ చదరానికైనా ఇదే మాట చెల్లుతుంది. నాలుగు చదరాలు గీయడం పరిశీలన. అయిదవ దాని నుంచి గీయనవసరం లేదని తెలిసికోవడం గణితం.

నాలుగవది అంగడి. తరగతిలో కొట్టు పెట్టించి, కాగితపు నోట్లతో అమ్మకాలు, కొనుగోళ్లు చేయించడం అందరికీ ఇష్టమైన కృత్యం. అంగడిలో వచ్చిన లెక్క బడిలోకి దానంతట అదే నడిచి వచ్చునన్న నమ్మకం దీని వెనుక ఉన్నది. ఆ నమ్మకం నిలువలేదు. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో జరిగిన పరిశోధనలో వీధులలో సరుకులమ్మే పిల్లలు బేరంలో సరిగా చేసిన లెక్కలను కాగితంపై అంకెలుగా ఇచ్చినప్పుడు తప్పినారు. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలైనవారు ప్రకటించిన అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ బజారులలో పనిచేసే పిల్లలపై జరిగినది. వారు నోటిలెక్కలో చురుకైనవారు, కాని బడి లెక్కలలో వెనుకబడినవారు. అంతకంటె ఆశ్చర్యం, బడి లెక్కలలో మెరుగైన పిల్లలు బజారు లెక్కలలో తడబడినారు. రెండు ఒడ్లకూ మధ్య వంతెన దానంతట అదే కట్టుకోదన్నమాట.

వంతెన కట్టవలసినవాడు ఉపాధ్యాయుడు. వినుకొండ కూరల అంగడిలో తల్లి ప్రక్కన కూర్చునే పిల్లను కిలో 60 రూపాయలైతే ముప్పావుకిలో ఎంత అని అడిగితే ‘అరకిలో ముప్పై, పావు పదిహేను, నలభై అయిదు’ అని క్షణంలో చెప్పగలదు. తరగతిలో అదే పిల్ల 60 × 3/4 ముందు కలం ఆపవచ్చును. ఆమె నోట వచ్చిన మాటలనే నల్లబల్లపై 60 × 1/2 + 60 × 1/4 = 30 + 15 అని వ్రాసి, ‘ఇది నీవు చేసినదే’ అని చూపితే, విభాగ న్యాయం ఆమె సొంతమవుతుంది. కొట్టు ఆట ఎంత సందడిగా జరిగినా ఈ ఒక్క పంక్తి నల్లబల్ల మీదికి రాకపోతే ఆట ఆటగానే మిగులును.

ఈ నాలుగు పరీక్షల నుంచి ఒకే సంగతి తేలుతున్నది. వస్తువు గణితానికి ఆరంభమే కాని గణితం కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలోనే చేతిపని, బొమ్మ, గుర్తు అని మూడు దశలను చెప్పినాడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా పిల్లవాని ఆలోచనను గణితీకరించడమే గణిత బోధన ప్రధాన లక్ష్యమన్నది. అయినా మన కృత్యాలలో మొదటి దశ బాగా పండి, మూడవ దశ వాడిపోవుచున్నది. దీనికి కారణం ఉపాధ్యాయుల ఉదాసీనత అనడం న్యాయం కాదు. గోడమీది పటం, బల్లమీది నమూనా తనిఖీకి వచ్చినవారికి కనబడతవి. పిల్లవాడు ‘ఎందుకంటే’ అని చెప్పిన వాక్యం ఎవరికీ కనబడదు. కనబడేదానికే మార్కులు వేసినప్పుడు కనబడేదే పెరుగుతుంది. ఒక్క ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను నడపవలసిన బడిలో ఒక్కొక్క పిల్లవాని మాట వినడానికి సమయం చాలదన్నదీ నిజమే. ఫలితం మాత్రం దాచలేనిది. 2024 ‘అసర్’ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో అయిదవ తరగతి పిల్లలలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం మాత్రమే.

కావున ఒక కృత్యాన్ని మెచ్చుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఒకటి: పిల్లవాడు ఏ ప్రశ్నకు జవాబు వెదుకుతున్నాడు? ప్రశ్న లేకపోతే అది వినోదం. రెండు: వస్తువును తీసివేస్తే ఏమి మిగులుతుంది? కళ్లు మూసుకొని మూట విప్పగలిగిన పిల్లవానికి ఇక మూట అక్కరలేదు. ఇంకా అతని చేత మూటలు కట్టించడం కాలహరణం. మూడు: చేసిన పనికీ, పలకపై గుర్తుకూ సంబంధాన్ని పిల్లవాడు తన మాటలలో చెప్పగలడా? ఈ మూడింటికీ ఖర్చు లేదు. అవసరమైనది పాఠం చివర పది నిమిషాల సంభాషణ. వస్తువులు పంచడానికి అరగంట పట్టే కృత్యాలను సగానికి తగ్గిస్తే ఆ పది నిమిషాలు దొరకును.

ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడా దీనిని తమ ఊరి కొండపై పరీక్షించుకోవచ్చును. బడి ఆవరణలోని వేపచెట్టు ఎత్తును నీడతో కొలవడం తేలిక. కర్రకూ దాని నీడకూ ఉన్న నిష్పత్తియే చెట్టుకూ దాని నీడకూ ఉంటుంది. వినుకొండ కొండకు ఈ ఉపాయం పనిచేయదు. శిఖరం సరిగా ఎక్కడికి దిగుతుందో ఆ చోటు రాతి గర్భంలో ఉన్నది. టేపు అక్కడికి పోదు. అయితే సమతలమైన నేలపై ఒక చోట నిలిచి, ముందు నిలిపిన కర్ర కొన మీదుగా శిఖరాన్ని చూచినప్పుడు కంటి మట్టానికి పైనున్న కర్ర ఎత్తుకూ, కర్రకు కంటికి మధ్య దూరానికీ నిష్పత్తి 1:2 అనుకొందము. అదే రేఖలో 100 మీటర్లు వెనుకకు జరిగి చూస్తే 1:3 అనుకొందము. ఇవి కొండ అసలు కొలతలు కావు. లెక్క తేలికకై ఎంచిన సంఖ్యలు. కొలవలేని ఆ మొదటి దూరాన్ని క అంటే, క/2 = (క+100)/3. క విలువ 200. కంటి మట్టం నుంచి ఎత్తు 100 మీటర్లు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు రెండు శంకువుల నీడలతో దీపం ఎత్తును, దూరాన్ని కనుక్కోవడానికి చెప్పిన సూత్రం ఈ జాతిదే.

రాతి లోపలి దూరాన్ని ఎవరూ తాకలేదు. ‘క’ అనే అక్షరం దానిని తాకినది. చింతగింజ పదుల గడిలోకి జరిగి పది అయిననాడు రెండవ తరగతి పిల్లవాడు నేర్చుకొన్నది కూడా ఇదే శక్తి. ఆ చిన్న జరుగుడు అతనికి అర్థమైనదో లేదో చూసుకోవడమే ప్రాథమిక గణిత బోధనకు పెట్టదగిన పరీక్ష.